బాపు బత్తి నంబరు 217

(బత్తీల సార్ శిష్యులు బెల్లంపల్లిలో జరిపిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నా వెనక కట్టిన బ్యానరు మీద సార్ పేరు ఇంటిపేరుతో సహా పెద్దక్షరాల్లో ఉంది. ఆ పేరు నేను పలకను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా పలకలేదు. ఇప్పుడు చేతికి మైకు దొరికింది కదా అని పలికితే, ఎవరో పెద్దమనిషి గురించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మనకు ఆయన బత్తీల సార్. బడిపంతులు కారు. బాయి మీద ల్యాంపు రూములో గుమస్తా. డ్యూటీ దిగాక తన క్వార్టరు అరుగు మీద లైన్లోని పిల్లలందర్నీ కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పేవారు. డబ్బులు తీసుకునేవారు కారు. సంక్రాంతికి మాత్రం ప్రతి ఇంటి నుంచీ సకినాలు తీసుకునేవారు, అవి కూడా లెక్కపెట్టి.

బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ కోసం ఒక మాట. మేం గనిని గని అనం, బాయి అంటాం. తండ్రిని బాపు అంటాం, తల్లిని అవ్వ అంటాం. అవ్వ అంటే నానమ్మ అనుకుని వింటే నా కథలో వయసులన్నీ తారుమారవుతాయి.

నిర్వాహకులు నాకు ‘బొగ్గుబాయిల ఊళ్ళో చిన్నతనం’ అని విషయం ఇచ్చారు. "ఏవైనా నాలుగు తీపి గుర్తులు చెప్పండి, చాలు" అన్నారు ఫోన్లో. తీపి అన్నారు కాబట్టి బెల్లంతో మొదలుపెడతాను. బాయి దిగొచ్చినవాళ్ళు చిన్న బెల్లంముక్క నోట్లో వేసుకునేవాళ్ళు. గొంతుకు పట్టిన బొగ్గుదుమ్ము బెల్లంతో దిగిపోతుందని నమ్మకం. డాక్టర్లు ఒప్పుకోరు గానీ బాపు డాక్టర్ని అడిగి తినలేదు. బాయి పనివాళ్ళు బెల్లం తింటారు కాబట్టి మా ఊరికి బెల్లంపల్లి అని పేరొచ్చిందని ఆరో తరగతిలో నేనొక సిద్ధాంతం చేశాను. పరీక్షలో కూడా రాశాను. సార్ అది చదివి నవ్వలేదు. "ఇక్కడ బొగ్గు తవ్వుడు మొదలైంది 1927ల. అప్పటికే ఊరుంది, ఊరికి పేరుంది. కొడుకు పుట్టినంక తండ్రి పుడ్తడారా?" అన్నారు. కార్యకారణాల గురించి ఆ తర్వాత యూనివర్సిటీలో పెద్ద పెద్ద పుస్తకాలు చదివాను. ఒక్కటీ ఇంత సూటిగా చెప్పలేదు.

ఇక అసలు సంగతి. ఇన్నేళ్ళుగా నన్ను తొలుస్తున్నది ఒకటే. మేం మా తండ్రుల పని చూడలేదు.

రైతు కొడుకు నాగలి వెనక నడుస్తాడు. సాలోళ్ళ పిల్లలు మగ్గం చప్పుడులో నిద్రపోతారు. కుమ్మరి ఇంట్లో పిల్ల నడక రాకముందే మట్టిలో చేయి పెడుతుంది. మాకు అది లేదు. బాపు పొద్దున ఆరు దాటగానే సద్దిగిన్నె పట్టుకుని బయలుదేరేవాడు. గేటు దాకా కనిపించేవాడు. ఆ తర్వాత మూడు గంటల సైరన్ మోగేదాకా బాపు ఉన్నాడంటే ఉన్నాడు, లేడంటే లేడు. పిల్లలు బాయి లోపలికి దిగకూడదని 1952 గనుల చట్టం. అది మంచిదే. అలాంటి చట్టం లేని రోజుల్లో పిల్లలు ఎక్కడెక్కడ పాకుతూ పనిచేశారో ప్రపంచానికంతా తెలుసు. మా వరకు మాత్రం దాని ఫలితం ఒకటే. బాపు నేల కిందకు పోతాడు, నల్లగా పైకి వస్తాడు, మధ్యలో ఏం జరుగుతుందో తెలియదు.

మధ్యాహ్నం ఆడుకుంటూ ఆడుకుంటూ ఎవడో ఒకడు నేలకు చెవి ఆనించేవాడు. మేం నిలబడ్డ చోటి కిందే మా తండ్రులు ఉన్నారని మా నమ్మకం. ఏమీ వినబడేది కాదు. లేచి మట్టి దులుపుకుంటూ "మా బాపు దగ్గుతున్నడు" అనేవాడు. మిగతావాళ్ళకు కూడా తమ తమ తండ్రుల దగ్గు వినబడేది.

కింది నుంచి మా దాకా వచ్చినవి ముందు మాటలు. తట్టా, చెమ్మాస్. చెమ్మాస్ అంటే బొగ్గు ఎత్తే పార. బాపు కోల్ ఫిల్లర్. మందు పేల్చి రాల్చిన బొగ్గును చెమ్మాస్‌తో తట్టలోకి ఎత్తి, తట్ట నెత్తిన పెట్టుకుని మోసుకెళ్ళి టబ్బులో పోయాలి. టబ్బుకు సుమారు టన్ను. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. డిప్పు, లెవెలు, హాలేజీ, ఇంక్లైను, సర్దారు, షాట్‌ఫైరరు... ఈ ఇంగ్లీషు మాటలన్నీ మా ఇళ్ళల్లో అన్నం, కూర అన్నంత మామూలుగా తిరిగేవి. బడికి పోయాక ఇవి ఇంగ్లీషు అని తెలిసి నేను ఆశ్చర్యపోయాను. బాపు మాట్లాడేది తెలుగు కదా అనుకున్నాను.

వాటిలో గోఫ్ అనే మాట ఒకటి. దాన్ని కొంచెం వివరించాలి. బొగ్గు పొరను మొత్తం ఒకేసారి తీసేయరు. వీధులు వేసినట్టు అడ్డంగా, నిలువుగా తవ్వుకుంటూ పోయి మధ్యలో బొగ్గునే స్తంభాలుగా వదిలేస్తారు. వాటి మీద పైకప్పు నిలబడుతుంది. చివరి దాకా పోయాక వెనక్కి వస్తూ ఆ స్తంభాలను కూడా తీసుకుంటూ వస్తారు. తీసేసిన చోట కప్పు కూలుతుంది. కూలాలి కూడా. కూలకుండా వేలాడితేనే భయం. అలా బొగ్గంతా తీసి వదిలేసిన చోటును గోఫ్ అంటారు. అటు మళ్ళీ ఎవరూ పోరు. మా ఇంట్లో పోయిన వస్తువు ఏదైనా గోఫ్‌లోకే పోయేది. బలపం కనబడకపోతే గోఫ్‌లో పడ్డట్టు. కాబూలీకి బాకీ పెట్టుకుని ఊరొదిలిన పక్కింటాయన కూడా గోఫ్‌లో పడ్డట్టే. గోఫ్ అంటే నిజంగా ఎలా ఉంటుందని ఒకసారి బాపును అడిగాను. చాలాసేపు ఆలోచించి "చీకటి" అన్నాడు. మరి మిగతాచోట? "అక్కడ గూడ చీకటే. ఇది వేరే."

అంతకంటే ఎక్కువ చెప్పేవాడు కాదు. కానీ మాటల్లో చెప్పనిది చేతుల్లో తెలిసిపోయేది. బాయిలో పనిచేసే చోట పైకప్పును గడ్డపారతోనో కట్టెతోనో కొట్టి వినాలి. బండ గట్టిగా ఉంటే కంచు మోగినట్టు ఖంగుమంటుంది. పైన పొర విడిపోయి ఉంటే పగిలిన కుండలా బొదబొదమంటుంది. ఆ తేడా పట్టుకోలేని చెవి ఎక్కువ రోజులు బతకదు. బాపుకు ఇది అలవాటు కాదు, ఒంట్లో చేరిన గుణం. ఎవరింటికి పోయినా ముందు తలెత్తి కప్పు చూసేవాడు. అంగట్లో కుండ కొనేటప్పుడు అందరూ వేలితో కొట్టి చూస్తారు. బాపు మాత్రం చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కుండను నాలుగు పక్కలా తిప్పి తిప్పి కొట్టేవాడు. కుమ్మరామె విసుగెత్తి "కుండ గొంటున్నవా, దాంట్ల కాపురం జేస్తవా?" అనేది. కప్పుకు ఇనుప స్తంభాలు పెట్టడం మొదలయ్యాక కూడా బాపుకు కట్టెల మీదే నమ్మకం. "కట్టె ముందుగాల కిర్రుమని చెప్తది. ఇనుము చెప్పదు" అనేవాడు.

స్నానం సంగతి మా అవ్వను అడగాలి, చెప్పడానికి ఆమె లేదు. నేను చూసింది చెబుతాను. పెరట్లో బండ మీద బాపు కూర్చునేవాడు. అవ్వ కొబ్బరిపీచుతో వీపు రుద్దేది. మొదటి చెంబు నీళ్ళు తారులా పారేవి. మూడో చెంబుకు బూడిదరంగు. ఐదారు చెంబులయ్యాక మా బాపు బయటపడేవాడు. ఎంత రుద్దినా కనురెప్పల అంచున నల్లగీత పోయేది కాదు. ఆ కాటుక కళ్ళతోనే రెండో ఆట సినిమాకు పోయేవాడు. వీపు మీద అక్కడక్కడా నీలం గీతలు ఉండేవి. గాయంలో బొగ్గుదుమ్ము చేరి పైన చర్మం మూసుకుంటే అది పచ్చబొట్టులా ఉండిపోతుంది. కుడి భుజం వెనక ఒకటి గోదావరి మలుపులా ఉండేది. భూగోళం పుస్తకంలో గోదావరి బొమ్మ చూసినప్పుడు నాకు ముందు తట్టింది బాపు వీపే. బాయి బట్టలు వేరే బకెట్లో నానేవి. వాటిని తీగ మీద వేరేగా ఆరేసేవాళ్ళు. మా లైన్లో ఏ ఇంట్లో ఎవరు ఏ షిఫ్టో తెలుసుకోవాలంటే తలుపు కొట్టక్కర్లేదు, తీగ చూస్తే చాలు.

సాయంత్రం ఐదున్నరకు లైనంతా పొగ. ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి. ఇనుప బకెట్‌కు లోపల మట్టి మెత్తిన పొయ్యి అది. పొగంతా పోయి కణకణలాడేదాకా బయటే పెట్టి, తర్వాత పట్టుకారుతో ఎత్తి లోపలికి తీసుకుపోవాలి. ఆ పొగలో పిల్లలం ఒకరికొకరం కనబడేవాళ్ళం కాదు. దాగుడుమూతలకు అంత మంచి ఊరు ఇంకొకటి ఉండదు. తీపి గుర్తు అడిగారు కదా, ఇదొకటి రాసుకోండి. అవ్వ దగ్గు మాత్రం దీంట్లో కలపకండి.

ఒకరోజు పొయ్యి కోసం బొగ్గు పగలగొడుతుంటే ఒక పలక విడిపోయింది. బొగ్గు కాదు, దాంతో వచ్చిన నల్లరాయి. లోపల ఆకు. నిజం ఆకు కాదు, ఆకు అచ్చు. మధ్య ఈనె, ఈనె నుంచి రెండు పక్కలకూ వలలా అల్లుకున్న సన్నటి గీతలు. నిన్న రాలిన ఆకును పుస్తకంలో పెట్టి తీసినట్టుంది. పట్టుకుని సార్ దగ్గరకు పరుగెత్తాను. సార్ కళ్ళద్దాలు తుడుచుకుని దీపం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశారు. దీని పేరు గ్లాసోప్టెరిస్ అనీ, గ్రీకులో నాలుక అని అర్థం వచ్చే మాట నుంచి ఆ పేరు పుట్టిందనీ, ఇరవై ఐదు కోట్ల ఏళ్ళకు ముందే ఈ చెట్ల అడవులు ఇక్కడ ఉండేవనీ, అవే కుళ్ళి, అణిగి, మన పొయ్యిలో మండుతున్నాయనీ చెప్పారు. ఇరవై ఐదు కోట్లు అంకెల్లో రాయమన్నారు. సున్నాలు తప్పు రాశాను. మొట్టికాయ. ఆ రాయిని ఇంటికి తీసుకుపోతే అవ్వ దాన్ని పొయ్యిలో వేయబోయింది. బాపు ఆపి చేతిలోకి తీసుకున్నాడు. "ఇసొంటియి మస్తుంటయి కింద. కప్పు మీద నిండ ఆకులే" అన్నాడు. అంతే అన్నాడు. నెత్తి మీద రాతి ఆకుల కప్పు, దాని కింద తట్ట మోస్తూ మా బాపు. ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదని నాకు కోపం వచ్చింది. ఆ మనిషికి అది చెప్పాల్సిన సంగతి అనిపించనే లేదు.

చరిత్ర ఇష్టపడేవాళ్ళు సభలో ఉంటారు కాబట్టి నాలుగు ముక్కలు. కథ ఇక్కడ కాదు, ఇల్లందులో మొదలవుతుంది. భద్రాచలం పోయే యాత్రికులు వంటకు మూడు నల్లరాళ్ళు పొయ్యిగా పెట్టుకుంటే ఆ రాళ్ళే అంటుకున్నాయని జనం చెప్పుకుంటారు. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని తేల్చాడు. అక్కడి ఒక పొరకు ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పేరు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కారేపల్లి పక్కనున్న ఒక చిన్న ఊరి పేరు అలా కంపెనీ పేరయింది. తర్వాత బెల్లంపల్లి, కొత్తగూడెం, మందమర్రి, గోదావరిఖని. మా ఊళ్ళో మార్గన్స్ పిట్ అని ఒక బాయి ఉండేది. మా అవ్వ దాన్ని మారుగన్సు బాయి అనేది. మారుగన్సు అంటే ఏదో దేవుడి పేరనే ఆమె అనుకుంది. రాయి అంటుకోగానే ఉలిక్కిపడి లేచిన ఆ యాత్రికురాలి పేరు మాత్రం ఏ పొరకూ పెట్టలేదు. వంట చేస్తున్నది ఆడమనిషే అయి ఉంటుందని నా ఊహ.

ఇప్పుడు ల్యాంపు రూము. బాయిలోకి దిగే ప్రతి మనిషీ అక్కడ బత్తి తీసుకోవాలి. నడుముకు బ్యాటరీ, దాని నుంచి వీపు మీదుగా టోపీ దాకా తీగ, టోపీకి దీపం. ప్రతి బత్తికీ నంబరు, ప్రతి నంబరుకూ ఒక గూడు. షిఫ్టు అయ్యాక బత్తి తెచ్చి గూట్లో పెట్టాలి, మళ్ళీ చార్జింగ్ ఎక్కాలి. గూడు ఖాళీగా ఉంటే మనిషి కింద ఉన్నట్టు. ఇంత తేలికైన లెక్క ఇంకెక్కడా లేదు. బాపు నంబరు 217. నాకు బడిలో హాజరు నంబరు కంటే ముందు వచ్చిన నంబరు అది.

1972లో, నాకు పదకొండేళ్ళప్పుడు, ఒక రాత్రి బాపు రాలేదు. రెండో షిఫ్టు, మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు. పదకొండు సైరన్ మోగింది. లైన్లో తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. పదకొండున్నరయింది. అవ్వ పొయ్యి మీద నీళ్ళు దించింది, మళ్ళీ పెట్టింది. పన్నెండు కాగానే కొంగు నడుముకు చుట్టి, తమ్ముణ్ణి పక్కింటి చిన్నమ్మకు అప్పగించి, నా చేయి పట్టుకుని బయలుదేరింది. గేటు దగ్గర అప్పటికే ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. కింద ఎక్కడో బండ జారిందట అన్న ముక్క ఒక్కటే పైకి వచ్చింది. ఎక్కడ, ఎవరి మీద, ఏమీ లేదు. అక్కడున్నవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి "ఏం గాదమ్మా, ఇంటికి పోండ్రి" అంటున్నారు. అనేవాళ్ళకు కూడా ఏమీ తెలియదని పదకొండేళ్ళ నాకే అర్థమైంది.

అవ్వ నేరుగా ల్యాంపు రూము కిటికీ దగ్గరకు పోయింది. సార్ ఆ రాత్రి డ్యూటీలో ఉన్నారు. కిటికీ ఊచల వెనక సార్, ఆయన వెనక వరసగా గూళ్ళు. సార్ అవ్వ ముఖం చూసి "ఏం గాదు" అనలేదు. వెనక్కి తిరిగారు. వేలితో ఒక్కొక్క గూడూ చూపిస్తూ మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టారు. తిరిగొచ్చి, "209 రాలే చెల్లె. 211 రాలే. 217 రాలే. 220 రాలే. తక్కినయన్నీ వచ్చినయి. నాకు తెలిసింది ఇంతే. ఇంకోటి తెలిస్తే ఆ నిమిషమే చెప్త" అన్నారు.

అవ్వ కిటికీ కింద కూలబడింది. ఆశ్చర్యం ఏమిటంటే, ఆమె వణుకు ఆగింది. నలుగురు. నలుగురూ ఒక్కచోటే ఉన్నారు. గోడకు ఆనుకుని అదే మాట మిగతా ముగ్గురు ఆడవాళ్ళకూ చెప్పింది, ఎవరి నంబరు ఏదో అడిగి మరీ.

నాకు మాత్రం ఇంకో లెక్క తెలుసు. ఆ బత్తి బ్యాటరీ పది పన్నెండు గంటలు వెలుగుతుందని సార్ అంతకుముందే ఎప్పుడో ఒక లెక్కలో ఇచ్చారు. బాపు బత్తి తీసుకున్నది రెండున్నరకు. అంటే రాత్రి పన్నెండున్నర నుంచి రెండున్నర లోపల ఎప్పుడైనా ఆరిపోవచ్చు. గేటు పక్కన గోడగడియారం ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. అవ్వకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. లెక్క వచ్చినందుకు భయపడడం అదే మొదటిసారి.

ఒంటిగంట నలభైకి వచ్చారు. 220 కాలు విరిగింది. టబ్బులు లాగే హాలేజీ ఆగిపోవడంతో ముగ్గురూ అతన్ని మోసుకుంటూ వాలులో నడిచి ఎక్కారు. బాపు బత్తి అప్పటికి పసుపురంగుకు తిరిగింది, పండిన వేపాకులా. అవ్వ ఏమీ అనలేదు. ఆయన చేతిలో సద్దిగిన్నె లేదని చూసి "గిన్నేది?" అంది. "గోఫ్‌ల పడ్డది" అన్నాడు బాపు. ఆ మాటకు నవ్వు వచ్చింది ఇద్దరికీ. బాపు బత్తి తీసి కిటికీలోంచి లోపలికి ఇచ్చాడు. సార్ దాన్ని 217 గూట్లో పెట్టి, పుస్తకంలో టైము రాసి, అప్పుడు కుర్చీలో కూర్చున్నారు. అప్పటిదాకా ఆయన నిలబడే ఉన్నారని నేను గమనించింది అప్పుడే.

మన సభల్లో పోయినవాళ్ళ గురించి గొప్పగా చెప్పడం ఆనవాయితీ. ఆయన అంతటివారు, ఇంతటివారు అని. సార్ గురించి నేను చెప్పగలిగింది ఇదొక్కటే. తెలిసింది చెప్పారు, తెలియనిది తెలియదన్నారు, మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టారు.

1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి నీళ్ళు విరుచుకుపడ్డాయి. మా లైన్లో రేడియో ఉన్నది రెండిళ్ళల్లోనే. ఆ వారమంతా ఆ రెండిళ్ళ ముందు జనం. రేడియో చెప్పే సంఖ్య విన్నప్పుడల్లా సార్ ముఖం మాడిపోయేది. ఈ రోజుకు కూడా ఒక పుస్తకంలో 372 అని, ఇంకో పుస్తకంలో 375 అని ఉంటుంది. ఆ తేడా ముగ్గురు మనుషులు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్ళు చేరి 17 మంది చనిపోయినప్పటికి సార్ రిటైరయ్యారు. ఆ సాయంత్రం మా తమ్ముడికి ఫోన్ చేసి "ఎంతమంది దిగిన్రు, ఎంతమంది ఎక్కిన్రు?" అని ఆ రెండే అడిగారట.

తమ్ముడి మాట వచ్చింది కాబట్టి, వద్దనుకుంటూనే ఇది చెప్పాలి. 1987లో బాపును మెడికల్ అన్‌ఫిట్ చేశారు. ఆయన ఉద్యోగం ఒక కొడుక్కు వస్తుంది. మా ఊళ్ళో ఎన్నో ఇళ్ళల్లో అన్నదమ్ముల మధ్య ఆ ఉద్యోగం దగ్గరే గొడ్డళ్ళు లేచాయి. మా ఇంట్లో గొడవే లేదు. నేను అప్పటికే హైదరాబాద్‌లో లెక్కల లెక్చరర్ని. తమ్ముడు దిగాడు. అందరూ ఎంత బాగా సర్దుకున్నారో అన్నారు. నిజానికి సర్దుబాటు పదిహేనేళ్ళ ముందే జరిగిపోయింది. నన్ను అరుగు మీదికి పంపినప్పుడు, తమ్ముణ్ణి నీళ్ళబిందెకు పంపినప్పుడు. వాడికి కూడా లెక్కలు వచ్చేవి.

వాడు దిగాక ఇంకొకటి జరిగింది. పండక్కి ఇంటికి పోతే బాపు, తమ్ముడు మాట్లాడుకుంటూ కూర్చునేవాళ్ళు. వాడు తట్ట మోయలేదు, బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం మీద పని. అయినా ఏ డిప్పు, ఏ లెవెలు, ఎక్కడ నీళ్ళు కారుతున్నాయి, ఎక్కడ కప్పు బొదబొదమంటోంది, అదంతా వాళ్ళిద్దరికీ కళ్ళకు కట్టినట్టుండేది. జీవితమంతా నాకు ముక్కలు ముక్కలుగా కూడా చెప్పని బాపు, వాడి దగ్గర ధారాళంగా మాట్లాడేవాడు. నేను వంటింట్లో అవ్వ పక్కన కూర్చునేవాణ్ణి. మా ఇద్దరిదీ ఒకటే కులం. కింద ఏముందో చూడనివాళ్ళం. 2019లో ఆడవాళ్ళు కూడా భూగర్భ గనుల్లో పనిచేయొచ్చని, పగటిపూట, కొన్ని షరతులతో, కేంద్రం అనుమతించింది. పేపర్లో చదివి అవ్వకు చెప్పాను. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. "ఇప్పుడా?" అంది.

సమ్మెల గురించి, 1981లో 56 రోజులు జరిగిన సమ్మె గురించి, యూనియన్ల గురించి చెప్పలేదేమని ముందు వరసలో ఒకాయన నా వైపు చూస్తున్నారు. అవి చెప్పడానికి నాకంటే అర్హులు ఈ హాల్లోనే ఉన్నారు. ఊరి సంగతి మీకు తెలియంది కాదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు, ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కల. బెల్లంపల్లిలో బాయిలు ఒకటొకటిగా మూతపడ్డాయి. మా లైన్లో సగం క్వార్టర్లకు తలుపుల్లేవు. ఇప్పటి ఓపెన్‌కాస్ట్ పక్కన పెరిగే పిల్లలకు తండ్రి పని మొత్తం కనిపిస్తుంది. డంపర్లు, మట్టిగుట్టలు, ఊరి మీద దుమ్ము. చూడగలగడం మాకంటే వాళ్ళకు మేలో కాదో వాళ్ళే చెప్పాలి.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఒక్క నిమిషం.

2006లో హైదరాబాద్‌లో నేను ఫ్లాటు కొన్నాను, నాలుగో అంతస్తు. గృహప్రవేశానికి బాపును, సార్‌ను కలిపి సింగరేణి ప్యాసింజర్‌లో కాజీపేట దాకా, అక్కడి నుంచి ఇంకో బండిలో తమ్ముడు తీసుకొచ్చాడు. పూజ అయిపోయింది, చుట్టాలు పోయారు. రాత్రి భోజనాలయ్యాక బాపు బూజుకర్ర తీసుకున్నాడు. దాని చివరతో పడకగది కప్పు మీద ఒక మూల నుంచి మొదలుపెట్టి కొడుతూ పోయాడు. కొట్టడం, ఆగడం, వినడం. నా భార్య కంగారుగా నన్ను చూసింది. నేను ఊరుకోమని సైగ చేశాను. సార్ మంచం మీద కూర్చుని ఆ దెబ్బలు లెక్కపెడుతున్నారు, పెదవులు కదులుతూనే ఉన్నాయి. గదంతా అయ్యాక బాపు కర్ర గోడకు ఆనించి "మంచిగున్నది. పండుకోండ్రి" అన్నాడు. తర్వాత కిటికీ వైపు మూల చూపించి, "గక్కడ మాత్రం మంచం ఎయ్యకు" అన్నాడు.

"మూడుసార్లు కొట్టినవు అక్కడ" అన్నారు సార్. "మూడుసార్లు అట్లనే వినవడ్డదా?"

"రెండుసార్లు."

సార్ కొంచెం ఆలోచించి "అయితే ఎయ్యకు" అన్నారు నాతో.

ఇంజనీరును పిలిపించి చూపించాను. ఏమీ లేదన్నాడు. బాపు పోయి పదకొండేళ్ళు, సార్ పోయి ఏడాది. ఆ మూల ఇప్పటికీ ఖాళీగానే ఉంది.